ఆదిలక్ష్మి చర్చి నుంచి తెచ్చిన రొట్టె

మొన్న ఉగాదికి ఇంగ్లండులో మా బేసింగ్‌స్టోక్ ఊరి తెలుగువాళ్ళం స్కూలు హాలు ఒకటి అద్దెకు తీసుకుని పండుగ చేసుకున్నాం. పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని ఆంజనేయప్రసాద్ గారు జోకు చెప్పారు. "మా ఆవిడ చర్చికెళ్ళి ప్రసాదం పట్టుకొచ్చిందండీ! పాపం ఆ దొరసాని కారేసుకుని వెనకాలే వచ్చి వెనక్కి పట్టుకుపోయింది!" హాలంతా ఘొల్లుమంది. పాయసం వడ్డిస్తున్న ఆదిలక్ష్మి కూడా నవ్వింది. కట్టుకున్నవాడే నలుగురిలో నవ్విస్తుంటే నవ్వక ఏం చేస్తుంది?

నాకు ఒళ్ళు మండిపోయింది. ప్లేటు అక్కడే పడేసి బయటికొచ్చి కారులో కూర్చున్నాను. ఆ నవ్వినవాళ్ళలో ఒక్కరికైనా ఆ రొట్టె ఎవరికోసం తెచ్చిందో తెలుసా? తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నోరు మూసుకుని బయటికొచ్చిందీ నేనే. అందుకే ఇది రాస్తున్నాను. ఎవరికి కోపం వచ్చినా నాకు ఫరవాలేదు.

నా పేరు దయామణి. మాది బందరు. ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా 2000లో చేరాను. రెండేళ్ళ తర్వాత మా అమ్మ ఎస్తేరమ్మను తెచ్చుకున్నాను. అమ్మ బందరులో మిషన్ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైంది. ఇంట్లో మేమిద్దరమే. మా పక్కింట్లో ఆంజనేయప్రసాద్ గారు, ఆయన భార్య ఆదిలక్ష్మి, వాళ్ళమ్మాయి అనూష.

ఆదిలక్ష్మిది పాలకొల్లు పక్కన పల్లెటూరు. ఇంటర్ ఒకసారి తప్పింది, రెండోసారి పాసయ్యేలోపల పెళ్ళి చేసేశారు. ఆయన ఇన్సూరెన్సు కంపెనీలో కంప్యూటర్ల పని మీద 1999లో వచ్చి, ఏడాదికి ఈవిణ్ణి తెచ్చుకున్నారు. కార్ల ఊళ్ళో కారు నడపడం రాని మనిషి. డ్రైవింగ్ టెస్టు నాలుగుసార్లు తప్పి, "ఆ రౌండెబౌట్లు నాకోసం కట్టలేదక్కా" అని బస్సు పాసు తీసుకుంది. ప్రైమరీ స్కూల్లో డిన్నర్ లేడీ ఉద్యోగం చేస్తుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లల చేత బఠాణీలు తినిపించడం, పడితే మోకాళ్ళు తుడవడం. ఇంట్లో కూతురు ఇంగ్లీషులో జవాబిస్తే ఈవిడ తెలుగులోనే తిడుతుంది. ఇద్దరికీ బాగానే అర్థమవుతుంది.

ఆవిడకు ఒక పద్ధతి ఉంది. ఏ గుడికి వెళ్ళినా ప్రసాదం అక్కడ ఒక్క పలుకు కూడా నోట్లో వేసుకోదు. కళ్ళకద్దుకుని పొట్లం కట్టుకుని ఊరికి తెస్తుంది. బర్మింగ్‌హామ్ అవతల వెంకన్న గుడి నుంచి తెచ్చిన ఒక్క లడ్డూని పది ముక్కలు చేసి, బస్సెక్కి తిరిగి ఆరిళ్ళకు పంచిన రోజు నాకు తెలుసు. "నీకు పిచ్చా?" అన్నాను. "ఒక్కదాన్నే నోట్లో ఏసుకుంటే అది తిండవుద్ది గానీ ప్రసాదం ఎలా అవుద్దక్కా? రాలేనోళ్ళకి పట్టుకెళ్ళాలి కదా" అంది. మా ఇంటికీ తెచ్చేది. మా అమ్మ తీసుకునేది కాదు.

"విగ్రహానికి పెట్టింది మేం తినమమ్మా. ఏమీ అనుకోకు" అనేది అమ్మ.

"అనుకోడానికేవుందండి పిన్నిగారూ. మీ దేవుడి దగ్గరిదైతే తింటారుగా, దొరికినరోజు అదే పట్టుకొత్తాను" అనేది ఆదిలక్ష్మి, నవ్వుతూనే.

వాళ్ళాయన అలా కాదు. ఆదివారం పూట పెసరట్టు తింటానికి పిలిచి మరీ గిల్లేవాడు. ఇంటర్నెట్‌లో ఎక్కడో చదివేవాడు. "ఏసు అనే మనిషి ఉన్నాడన్నదే డౌటంటండీ దయామణి గారూ. అసలు ఆయన సమాధి కాశ్మీర్‌లో ఉందంట." "లేని మనిషికి కాశ్మీర్‌లో సమాధి ఎవరు కట్టారండీ?" అని అడిగాను. ఆయన నవ్వేశాడు. "ఏదేమైనా దొరల మతం కదండీ. మన వాళ్ళు పాలపిండికీ గోధుమ నూకకీ మారిపోయారు." మన వాళ్ళంటాడు! మా తాతలు ఏ పేటలో ఉండేవాళ్ళో, ఏ బావిలో నీళ్ళు తోడనివ్వలేదో ఆ పెద్దమనిషికి తెలియదా? గోధుమ నూక కోసం కాదయ్యా, చాప మీద పక్కన కూర్చోనిచ్చారని వెళ్ళాం అని అరిచాను. ఏసు పుట్టింది ఆసియాలో, చంపింది రోము సిపాయిలు, తెల్లదొరలకు ఆ కబురు తెలిసేనాటికి మన పక్క కేరళలో చర్చి ఉంది అని గొంతు చించుకున్నాను. "ఏమండీ, తినేటప్పుడు ఆ గొడవెందుకండీ" అని ఆదిలక్ష్మి మధ్యలో ఇంకో అట్టు వేసేది.

అక్కడ అలా ఉంటే చర్చిలో ఇంకోలా ఉండేది. మా పేట చర్చిలో పెత్తనమంతా మార్గరెట్‌ది. చర్చి వార్డెన్. మంచి గంధంలా మాట్లాడుతుంది. మొదటిరోజే, "మీ కుటుంబం ఎప్పుడు మారింది? ఏ మిషనరీ వచ్చాడు?" అని అడిగింది. "మీ కుటుంబం ఎప్పుడు మారింది మార్గరెట్?" అని నేనూ అడిగాను. ఆవిడకు ప్రశ్న అర్థం కాలేదు. "మేమా? మేం మారలేదు డియర్. మేం ఇంగ్లీషువాళ్ళం" అంది. ఏడేళ్ళూ అదే వరస. ఈస్టరుకు ఎవరో కొత్తవాళ్ళు వస్తే, నన్ను చూపించి, "దయా ఇండియా నుంచి, పాపం కొత్తగా నమ్మినవాళ్ళు" అని పరిచయం. మా ముత్తాత బాప్టిజం తీసుకున్న ఏడాది ఈవిడ ముత్తాత ఏ పబ్బులో ఉన్నాడో! ఇక్కడ కొత్త క్రైస్తవురాలిని, పక్కింట్లో దొరల కూలీని. రెండు చోట్లా నేను నిజమైనదాన్నేనని రుజువు చేసుకోవాలన్న యావ నాకు పట్టుకుంది. ఆ యావే నా కొంప ముంచింది.

2007 వేసవిలో అమ్మ మంచం పట్టింది. గుండె బలహీనపడి కాళ్ళకు నీరు దిగింది, మెట్లు దిగలేకపోయింది. ఆఖరిసారి ప్రభు భోజనం తీసుకున్నది ఈస్టర్‌కి. ప్రభు భోజనమంటే మాకు ఏసు చనిపోయే ముందు రాత్రి శిష్యులకు విరిచి ఇచ్చిన రొట్టె. అమ్మ నమ్మకం ప్రకారం అది తీసుకోకుండా పోవడమంటే, ఇంటివాళ్ళకు చెప్పకుండా ప్రయాణం కట్టడం. "ఇంకేమీ వద్దే దయా. పోయేలోపల ఒక్కసారి ప్రభువు బల్ల దగ్గర నుంచి ఆ రొట్టె నాకింత పెట్టించు" అంది. అంతే అడిగింది. డెబ్భై ఆరేళ్ళ బతుకులో ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే.

మా చర్చి పాస్టరు గారు, ఇక్కడి మాటలో వికార్, ఆ వేసవిలోనే వేరే ఊరికి వెళ్ళిపోయారు. కొత్తాయన వచ్చేదాకా రిటైరైన ఫాదర్లు వంతులవారీగా వచ్చి ఆదివారం పూజ జరిపిస్తారు. మంచంలో ఉన్నవాళ్ళ ఇళ్ళకు రొట్టె తీసుకెళ్ళడానికి ఒక రోటా, అంటే వంతుల పట్టిక. ఆ రోటా మార్గరెట్ చేతిలో. సెప్టెంబరులో ఫోన్ చేస్తే వచ్చే నెల అంది. అక్టోబరులో చేస్తే, మీ అమ్మగారి పేరు మా సభ్యుల జాబితాలో లేదే అంది. పేరు ఎక్కించాను. నవంబరులో చేస్తే, ఫోన్ ఎత్తే మనిషే లేడు. నేను ఆదివారాలు డ్యూటీలో ఉంటే మా అమ్మ దగ్గర కూర్చునేది ఆదిలక్ష్మి. ఇద్దరూ కలిసి టీవీలో వంటలు చూసి ఇంగ్లీషువాళ్ళ కూరలను తిట్టుకునేవాళ్ళు.

నవంబరు మూడో ఆదివారం నాకు సెలవు. ఆ పొద్దున అమ్మకు ఊపిరి అందడం లేదు. నేను నర్సుని, ఎన్నాళ్ళో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. వదిలి వెళ్ళలేను. చీటీ రాశాను. "ఈ రోజే ఎవరినైనా పంపండి. మా అమ్మకు టైము లేదు." ఆదిలక్ష్మి చేతికిచ్చి చర్చిలో మార్గరెట్‌కి ఇమ్మన్నాను. చలిలో కోటేసుకుని నడిచి వెళ్ళింది.

అక్కడ జరిగింది తర్వాత తనే చెప్పింది. చర్చి గడప దగ్గర బూట్లు విప్పేసిందట. అందరూ చూశారు, అయినా మేజోళ్ళతోనే లోపలికి వెళ్ళింది. మార్గరెట్ చీటీ చదివి, నాలుగు మడతలు పెట్టి, కోటు జేబులో వేసుకుని, "వచ్చే నెల రోటా వేసేటప్పుడు గుర్తుపెట్టుకుంటాను డియర్" అంది.

"వచ్చే నెలంట అక్కా! పిన్నిగారు వచ్చే నెలకుంటారా? నాకు ఏడుపూ కోపవూ వచ్చేశాయి. ఎదర చూస్తే ఆ ముసలి ఫాదరు గారు అందరికీ పంచేత్తన్నారు. చెయ్యి చాపినోళ్ళకల్లా పెడతన్నారు. మడిసి రావడానికి రోటా కావాలి గానీ ఇది ఇక్కడే ఉంది కదా అనుకున్నాను. లైన్లో నిలబడిపోయాను."

కుడిచేతి కింద ఎడమచెయ్యి పట్టింది. ఫాదర్ అరచేతిలో అప్పడం ముక్కంత పలచటి రొట్టె పెట్టారు. కళ్ళకద్దుకుంది. నోట్లో వేసుకోలేదు. ఉతికిన కర్చీఫులో మడిచి, గుండెలకు పట్టుకుని, బూట్లేసుకుని ఇంటిముఖం పట్టింది. మన ఊళ్ళో ఎవరైనా చేసేదే. జ్వరంతో ఇంట్లో ఉన్న మనిషికి గుడి నుంచి ఇంత ప్రసాదం తీసుకెళ్ళడం తప్పని మన దేశంలో ఎవరైనా అంటారా? తప్పని చెప్పేవాళ్ళు ఉంటారని ఆ పిల్లకు ఊహకైనా ఎలా వస్తుంది?

ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "పిన్నిగారూ, తెచ్చేసేనండి! ఫాదరు గారే ఆయన చేత్తో పెట్టారు."

అమ్మ మొహం చూడాలి. నెలల తర్వాత నా సాయం లేకుండా లేచి కూర్చుంది. నేను అడ్డుపడబోయాను. "ఉండమ్మా, ఇది..." అన్నాను. అమ్మ నన్ను పట్టించుకోలేదు. అరచెయ్యి చాపింది. ఆదిలక్ష్మి కర్చీఫు విప్పి రొట్టె అందులో పెట్టింది. మా అమ్మ మంచినీళ్ళు తాగినా ప్రార్థన చేసి తాగే మనిషి. ఇది ప్రభు భోజనమాయె. కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. కాపురానికి వెళ్ళిన కొత్తలో అత్తగారితో ఆడిన అబద్ధం దగ్గర నుంచి చేసిన తప్పులు ఒక్కొక్కటీ ఒప్పుకుంటూ, మధ్యలో ఊపిరి తీసుకుంటూ.

అప్పుడు మోగింది డోర్‌బెల్.

మార్గరెట్. కారు ఇంజను కూడా ఆపలేదు. మూడు నెలలుగా మా ఇంటికి దారి దొరకని మనిషికి పది నిమిషాల్లో దారి దొరికింది! "దయా, చాలా ఇబ్బందిగా ఉంది. మీ స్నేహితురాలికి బాప్టిజం లేదు కదా? ఆవిడ తీసుకోకూడదు. తీసుకున్నది బయటికి తీసుకెళ్ళడం అసలే కూడదు. అది తిరిగి ఇచ్చేస్తే ఇంతటితో మర్చిపోదాం. మీకైతే పద్ధతులు తెలుసుగా" అంది.

మీకైతే తెలుసుగా. ఆ ఒక్క మాటకు పడిపోయాను. ఏడేళ్ళుగా కొత్తగా నమ్మినదాన్ని, ఇవాళ పద్ధతి తెలిసినదాన్ని అయ్యాను. చిన్నప్పుడు బందరు చర్చిలో, అర్హత లేకుండా రొట్టె ముట్టిందని ఒకామెను పాస్టరు గారు అందరి ముందూ నిలబెట్టడం గుర్తొచ్చింది. సిగ్గేసింది. నాకు, మా అమ్మ ముందు కాదు, ఆ దొరసాని ముందు సిగ్గేసింది. "సారీ మార్గరెట్, ఒక్క నిమిషం" అని పైకి వెళ్ళాను.

అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. పెదాలు కదులుతున్నాయి. నేను ఆ చాపిన అరచేతిలోంచి రొట్టె తీసేసుకున్నాను.

అమ్మ కళ్ళు తెరిచింది. "ఏంటే? ప్రార్థన ఇంకా అవలేదే" అంది.

"ఇది చెల్లదమ్మా. ఆదిలక్ష్మికి బాప్టిజం లేదు."

"నాకుంది కదే" అంది అమ్మ.

నేను వినిపించుకోలేదు. ఆదిలక్ష్మి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. కిందికి వచ్చి టిష్యూలో చుట్టి మార్గరెట్ చేతికిచ్చాను. "థాంక్యూ, మీరు అర్థం చేసుకుంటారని తెలుసు" అంది. నేను పైకి వెళ్ళేసరికి అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆ తర్వాత నన్నేమీ అడగలేదు. బుధవారం పొద్దున పోయింది.

గురువారం మార్గరెట్ లాసాన్యా అని జున్ను వేసిన వంటకం చేసి తెచ్చింది. పైన బాసిల్ ఆకులు కూడా వేసి. ఆ గిన్నె తీసుకెళ్ళి తిన్నగా బిన్‌లో పడేశాను.

అంత్యక్రియలకు వచ్చినాయన ఆ ఆదివారం రొట్టె పంచిన ముసలాయనే. రెవరెండ్ హ్యూ. ఎనభై ఏళ్ళుంటాయి. రిటైరవక ముందు పాస్టర్లయ్యేవాళ్ళకు తొలినాటి చర్చి చరిత్ర చెప్పేవాడట. పాటలు ఏవి పెట్టాలో మాట్లాడటానికి మా ఇంటికొచ్చి, టీ తాగుతూ, "ఆ రోజు బూట్లు లేకుండా వచ్చిన అమ్మాయి రొట్టె తీసుకెళ్ళింది మీ అమ్మగారికేనా? అందింది కదా?" అని మామూలుగా అడిగాడు.

"మీరు చూశారా?"

"చూశాను. మడిచి పెట్టుకున్న తీరు చూసి, ఇంట్లో ఎవరికో బాగాలేదనుకున్నాను."

జరిగింది చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టేశాడు. ఒక పాత సంగతి చెప్పాడు. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట రోము నగరంలో ఒక క్రైస్తవుడు చక్రవర్తికి అర్జీ పెట్టుకున్నాడట, మా మీద నిందలు వేస్తున్నారు, ఆదివారం మేం చేసేది ఇంతే అని. కలుస్తాం, ప్రార్థిస్తాం, రొట్టె పంచుకుంటాం, రాలేకపోయినవాళ్ళకు ఇళ్ళకు మోసుకెళ్ళి ఇస్తాం అని అందులో ఉందట. ఇంట్లో పెట్టుకుని పొద్దున్నే మొదటి ముద్దగా తిన్నవాళ్ళూ ఉన్నారట. "అప్పటికి చర్చి అని ఒక కట్టడమే లేదు. అన్నీ ఇళ్ళే. రొట్టె దాటకూడని గడప ఎక్కడిది?" అన్నాడు.

"మోసుకెళ్ళినవాళ్ళకు బాప్టిజం ఉంది కదా?" అన్నాను. నాకు ఎక్కడో ఒకచోట నేను చేసింది ఒప్పు కావాలి.

"ఉంది. మీ స్నేహితురాలికి లేదు, అది నిజం. కానీ తినవలసిన మనిషికి ఉంది."

నా కోపమంతా ఆయన మీదికి మళ్ళింది. "ఇంత తెలిసినవారు, ఆ రోజు చూసి కూడా, మార్గరెట్ బయల్దేరుతుంటే ఎందుకు ఆపలేదు?"

ముసలాయన తల దించుకున్నాడు. "నేను రోటా మీద వచ్చినవాణ్ణి. వాళ్ళ చర్చిలో నేనెందుకని ఊరుకున్నాను" అన్నాడు. థూ, ఏం బతుకులు! తెలిసినవాడు రోటా అన్నాడు, తెలియనిది పద్ధతి అంది, నేను రెండింటికీ సలాం కొట్టాను. ఆదివారం ఆదివారం పెసరట్టు ముందు మా మతం ఎక్కడ పుట్టిందని వాదించిన దాన్ని, ఆ మతంలో మొదటివాళ్ళు మంచాన పడ్డ మనిషికి ఏం చేశారో ఒక్కరోజు కూడా తెలుసుకోలేదు. తెలుసుకోకుండానే చేసినది ఆదిలక్ష్మి.

అంత్యక్రియలయ్యాక వచ్చిన శనివారం, అమ్మ బట్టలు సర్దడానికి ఆదిలక్ష్మి వచ్చింది. పదమూడు రోజులుగా పనులు చేస్తూనే ఉంది గానీ, నాతో సరిగ్గా మాట్లాడలేదు. చీరలు మడతపెడుతుంటే నేను ఆత్రంగా మొదలుపెట్టాను. ఆ అర్జీ సంగతి, ఇళ్ళకు మోసుకెళ్ళిన సంగతి, అంతా చెప్పాను. "నువ్వు చేసింది తప్పు కాదే ఆదిలక్ష్మీ. మొట్టమొదటి క్రైస్తవులు చేసింది సరిగ్గా అదే. ఫాదరే చెప్పారు" అన్నాను. తను సంతోషిస్తుందనుకున్నాను. నన్ను క్షమిస్తుందని కూడా అనుకున్నానేమో.

చేతిలో చీర అలాగే పట్టుకుని నావైపు చూసింది. ఏడేళ్ళలో ఆ పిల్ల గొంతు లేవగా నేను వినలేదు.

"నేను చేసింది తప్పో ఒప్పో నిన్ను అడిగేనా అక్కా? ఆ ముసలాయన చెప్పబట్టి ఇప్పుడు నీకు బాధేసింది. చెప్పకపోతే? నువ్వు చేసింది కరెక్టేనా? నాకు మీ మతం తెలవదు. మా మతవూ పెద్దగా తెలవదు. అమ్మ చెయ్యి చాపుకుని కళ్ళు మూసుకుని కూకుంటే, ఆ చేతిలోది తీసుకోకూడదని తెలవడానికి పద్దెనిమిది వందల ఏళ్ళు ఎనక్కెళ్ళాలా?"

తను చీర మడత పూర్తి చేసి, అమ్మ మంచం మీద పెట్టి, కోటు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.